యోరున్ అల్లిన స్వెట్టర్లు

రేక్యావిక్,
అక్టోబర్ 12, 1976

పిన్నీ,

గొర్రెలన్నీ కొండ దిగాయా? బ్యార్ని బాబాయ్ నడుం ఈసారైనా మాట విందా? మందను తోలుకొచ్చే రోజుల్లో లోయలో లేకపోతే నాకు బడి ఎగ్గొట్టినట్టు ఉంటుంది. కానీ ఈ ఏడు కదలడానికి వీల్లేకపోయింది. కారణం విను, విన్నాక తిట్టు.

హాంబర్గ్‌లో ఒక పెద్ద జర్మనీ దుకాణం వాళ్ళకి మన స్వెట్టర్లు కావాలట. పదీ పాతికా కాదు, వసంతంలోగా మూడొందలు! ఆరేళ్ళ కిందట ఏటి అవతలి యోరున్ అత్త అల్లిచ్చిన పది స్వెట్టర్లు నేలమాళిగలో తాడు మీద వేలాడదీసి కొట్టు తెరిచినప్పుడు నువ్వేమన్నావు? "చలికాలం పోయేసరికి అన్నీ నువ్వే తొడుక్కుని తిరుగుతావు" అన్నావు. ఇప్పుడు రేవు దగ్గర పాత వలల గోదాము అద్దెకు తీసుకున్నాను. నా దగ్గర నలుగురు పనిచేస్తున్నారు. నువ్వొచ్చి చూస్తే బాగుండు.

అయితే వ్యాపారం మొదలుపెట్టడం ఒక ఎత్తు, పెంచడం ఇంకో ఎత్తు. జర్మనీ వాళ్ళు మధ్య సైజు అంటే మధ్య సైజే ఉండాలంటారు. మన ఆడవాళ్ళేమో మొగుణ్ణి తలుచుకుని అల్లుతారు. ఆయన పొట్ట పెరిగిన ఏడాది స్వెట్టరూ పెరుగుతుంది. అందుకని చేతులు చాచి నిలబడ్డ మనిషి ఆకారంలో చెక్కలు చేయించాను. స్వెట్టర్ తొడిగితే ఆ చెక్కకి సరిపోవాలి, లేకపోతే అల్లిన మనిషికి తిరిగి వెళ్ళిపోవాలి. నీకూ ఒకటి పాల లారీలో పంపుతున్నాను. లోయలో ఊలు పంచేదీ, అల్లినవి పోగుచేసేదీ నువ్వే కదా, సరిపోనివి అక్కడే ఆపావంటే నాకు సగం తలనొప్పి తగ్గుతుంది.

ఇంకో సంగతి. ఫిబ్రవరిలో మహిళా సంఘం సభలో నన్ను మాట్లాడమన్నారు, సొంత వ్యాపారం నాకు నేర్పిన పాఠాల గురించి. నవ్వకు. ఇప్పటికి ఒక్క పాఠం రాసుకున్నాను, కొలత అందరికీ ఒకటే ఉండాలని.

నీ హెర్దిస్

*

మ్యోదాలుర్,
నవంబర్ 3, 1976

అమ్మాయ్ హెర్దిస్,

నీ చెక్క మనిషి దిగాడు. లారీ ముందు సీట్లో డ్రైవరు పక్కన దర్జాగా కూర్చుని వచ్చాడు. దారిలో చూసినవాళ్ళు "మన సోల్వేగ్ ఇంటికి చుట్టమెవరో వస్తున్నాడు" అని నా గురించి చెప్పుకున్నారట. మీ బాబాయ్ వాడి చేతులకి ఎండుచేపలు తగిలిద్దామని చూస్తున్నాడు, నేను పడనివ్వడం లేదు.

ముందొక మాట. మొన్న నువ్వు ఊలు సంగతి ఫోన్‌లో చెప్పావు చూడు, నేను గొట్టం కింద పెట్టేలోపల లోయంతా తెలిసిపోయింది. నా మాటకి నేను నవ్వకముందే ఎవరో నవ్వారు. ఇక్కడ ఒకే తీగ మీద పదకొండు ఇళ్ళున్నాయని మర్చిపోయావా? గంట ఎవరింటిదైనా అందరూ ఎత్తుతారు. ఈ చలికాలంలో మాకున్న కాలక్షేపం అదొక్కటే, నేనూ ఎత్తుతాను, కాదనను. కాబట్టి పని సంగతులేమైనా ఉంటే ఉత్తరం రాయి.

ఇక స్వెట్టర్లు. చాలామందివి సరిపోయాయి. ఇద్దరు ముగ్గురు కాస్త గొణిగి తిరిగి అల్లారు. యోరున్‌వే సరిపోవడం లేదు. దాని కుడిచెయ్యి వేళ్ళు ఉదయాన్నే బిగుసుకుపోతాయి, పొద్దెక్కాక కాస్త వదులవుతాయి. స్వెట్టరూ అంతే, కింద బిర్రుగా, పైన లూజుగా వస్తోంది. స్వెట్టర్ చేతుల్లో ఒకటి ఇంకోదానికన్నా బెత్తెడు పొడుగు. "ఒక చెయ్యి పొడుగైనట్టుందే" అని సరదాగా అన్నట్టు అన్నాను. "నీ జర్మనీ వాళ్ళ చేతులు రెండూ ఒకే పొడుగా? వాళ్ళనీ చెక్క మీద పెట్టి కొలిచారా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. అసలు మాట అక్కడే ఆగిపోయింది.

దానికి ఎవరున్నారు చెప్పు? మొగుడు పోయాక ఆ ఇంట్లో రేడియో, నీ ఊలు, అంతే. ఏరు దాటి నా దగ్గరికి వచ్చినప్పుడల్లా "మన పిల్ల కొట్టుకి అల్లుతున్నా" అనే అంటుంది. దానివి ఒక్కటీ చూసీ చూడనట్టు తీసుకోకూడదా?

పిన్ని

*

రేక్యావిక్,
నవంబర్ 16, 1976

పిన్నీ,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. నాకు సూది పట్టుకోవడం నేర్పింది యోరున్ అత్తే. ఆమె ఒళ్ళో కూర్చుని, ఆమె వేళ్ళ మీద నా వేళ్ళు పెట్టి నేర్చుకున్నాను. అది నువ్వు గుర్తుచెయ్యక్కర్లేదు.

కానీ ఒకరివి చూసీ చూడనట్టు తీసుకుంటే, రేపు ఇంకొకరు అడిగితే నా దగ్గర జవాబేముంది? మొదటి పెట్టెలో ఒక్కటి వంకర తేలినా హాంబర్గ్ వాళ్ళు మొత్తం తిప్పి పంపుతామని రాశారు. ఇక్కడి నలుగురి జీతాలూ, అక్కడి మీ అందరి పనీ దాని మీదే ఉంది.

ఆమెకి నువ్వే చెప్పు పిన్నీ. నీకు చెప్పడం వచ్చు. నేను చెబితే మోటుగా ఉంటుంది, పట్నం పోయి పొగరెక్కింది అనుకుంటుంది. నిజం చెప్పనా, నాకు భయం. ఆమె ముఖం చూస్తూ "అత్తా, ఇది పనికిరాదు" అనలేను. అనవలసినదాన్ని నేనే అని తెలిసీ నీ మీదికి తోస్తున్నాను, తిట్టుకో.

నీ హెర్దిస్

*

మ్యోదాలుర్,
డిసెంబర్ 9, 1976

అమ్మాయ్,

మంచు బాగా పడింది. పాల లారీ రెండు రోజులు రాలేదు, మిగిలిన పాలతో వెన్న తీసీ తీసీ మీ బాబాయ్ చేతులు మెత్తబడ్డాయి. కుంటి ఆడగొర్రె మళ్ళీ కంచె దూకింది. మాంసం పొగకి వేలాడదీశాం, నీ వాటా విడిగా ఉంచాను. పండక్కి పంపుతాను.

స్వెట్టర్లు పంపుతున్నాను. యోరున్‌వి నాలుగున్నాయి. చెక్కకి సరిపోయాయి. ఇక దాని సంగతి నువ్వు పెట్టుకోకు.

జలుబు తగ్గిందా? మెడకి ఏదైనా చుట్టుకో.

పిన్ని

*

రేక్యావిక్,
ఫిబ్రవరి 20, 1977

నా బంగారు పిన్నీ,

నీకు చెప్పడం వచ్చని అన్నానా లేదా! యోరున్ అత్త స్వెట్టర్లు చూసి ఇక్కడ అందరూ నోరు వెళ్ళబెట్టారు. మెడచుట్టూ పూలవరస ఎక్కడా ముడత లేదు. వచ్చినవాటిలో అవే మేలైనవి. హాంబర్గ్‌కి మొదటి పెట్టెలో పైన పరిచింది అవే. వాళ్ళు ఇంకో రెండొందలు అడిగారు.

సభ కూడా అయిపోయింది. ఏం చెప్పానో తెలుసా? మొదట్లో అందరికీ నచ్చాలనుకోవడం నా పెద్ద తప్పని చెప్పాను. జాలిపడి కొలత తగ్గిస్తే మనిషిని తక్కువ చేసినట్టేనని, మా లోయలో యోరున్ అనే పెద్దావిడ వేళ్ళు బిగుసుకుపోయినా ఆ కొలత అందుకుందని, ఈరోజు ఆమెను మించినవాళ్ళు లేరని చెప్పాను. చప్పట్లు ఆగలేదు. పత్రికలో పడింది, ఆమె పేరుతో సహా. ముక్క కత్తిరించి నేరుగా ఆమెకే పంపాను.

ఇంకా ఉంది. ఇక నుంచి ఆమెకి రెట్టింపు ఊలు పంపుతాను. ఆమె కష్టానికి ఆ మాత్రం గౌరవం చెయ్యకపోతే ఎలా? ఈ వారం లారీలో వస్తుంది. నవంబర్లో అంత పిరికిగా రాసినందుకు సిగ్గుపడుతున్నాను.

నీ హెర్దిస్

*

మ్యోదాలుర్,
మార్చి 6, 1977

హెర్దిస్,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. జవాబు ఉత్తరంలోనే రాయి.

యోరున్ ఆ పత్రిక ముక్కని గాజు చట్రంలో పెట్టి రేడియో మీద నిలబెట్టింది. ఎవరొచ్చినా కాఫీ కన్నా ముందు అదే చూపిస్తోంది. చర్చికి వెళ్ళినప్పుడు పాస్టరు కూడా చదివానన్నాడట. నేను దాని ఎదురుగా కూర్చుని, పంచదార వేసి చుట్టిన అట్లు తింటూ "అవునే, ఎంత బాగా రాశారో" అన్నాను.

నేను దానికి ఏమీ చెప్పలేదమ్మా. ఒక్క ముక్క చెప్పలేదు. చెబుదామని వెళ్ళిన ప్రతిసారీ ఈనబోయే గొర్రెల గురించి మాట్లాడి తిరిగొచ్చాను. దాని స్వెట్టర్లు తెచ్చుకుని ఇంట్లో విప్పేసి, నేనే మళ్ళీ అల్లాను. డిసెంబర్లో పంపినవాటి నుంచి అన్నీ అంతే. ఆ ఊలు నీకు తెలుసుగా, పేనకుండా అల్లేది, విప్పితే తెగుతుంది. తెగిన చోటల్లా ఉమ్మి తడితో కలిపి నలిపి అతికించాను. మీ బాబాయ్ ఎదురుగా కూర్చుని ఉండ చుడతాడు. "ఇది మంచి పని కాదు" అని మొదటి రోజే అన్నాడు. ఆ తర్వాత నోరు మూసుకుని చుడుతున్నాడు, అదే నాకు ఎక్కువ బాధ.

నువ్వు మెచ్చుకున్న పూలవరస నాది. నువ్వు సభలో చెప్పిన ఆ మనిషి లేదు. ఇప్పుడు రెట్టింపు ఊలు దిగింది. యోరున్ పొద్దుటినుంచి సాయంత్రం దాకా అల్లుతోంది, వేళ్ళు వాచాయి, అయినా సంతోషంగా ఉంది. అది అల్లినకొద్దీ నేను విప్పాలి. నా వల్ల కాదు. నువ్వే ఏదో వంక పెట్టి దానికి ఊలు ఆపెయ్యి. హాంబర్గ్ వాళ్ళు వద్దన్నారనో, ఏదో ఒకటి. నేను దాన్ని మోసం చేశాను, నిన్నూ చేశాను. కానీ దానికి మాత్రం తెలియకూడదు.

పిన్ని

*

రేక్యావిక్,
మార్చి 12, 1977

పిన్నీ,

ఫోన్ పెట్టేసినప్పటినుంచి ఈ ఉత్తరమే రాసి చింపుతున్నాను.

నీ ఉత్తరం గోదాములో నిలబడి చదివాను. "జవాబు ఉత్తరంలోనే" అన్నావు, ఆ మాటా చదివాను. కానీ కోపమో, సిగ్గో, ఏదో ఒళ్ళంతా పాకింది. పేరు పెట్టి సభలో చెప్పానే, పత్రికలో వేయించానే అనుకుంటూ గొట్టం ఎత్తాను. పదేళ్ళుగా ఇక్కడ నంబరు తిప్పితే ఒక్క మనిషే పలుకుతాడు. మధ్యలో ఇంకెవరైనా ఉంటారని ఆ నిమిషాన నా బుర్రకి తట్టలేదు.

నేను మొదలుపెట్టగానే నీ గొంతు సన్నబడడం మొదలైంది. ఎంతమంది ఎత్తితే అంత సన్నబడుతుందని చిన్నప్పుడు నాకు తెలియదా? లైను బాగోలేదనుకున్నాను పిన్నీ. వినిపించడం లేదేమోనని ఇంకా గట్టిగా అరిచాను. "యోరున్ అత్త అల్లినవన్నీ విప్పేశావా? ఒక్కటి కూడా ఆమెది కాదా?" అని రెండుసార్లు అరిచాను. నువ్వు "హెర్దిస్, హెర్దిస్" అంటూనే ఉన్నావు. నన్ను ఆపడానికని తెలియలేదు, ఏడుస్తున్నావనుకున్నాను.

తర్వాత ఎవరో గొట్టం పెట్టేసిన చప్పుడు వినిపించింది. దాని వెనకే ఇంకొకటి. అప్పుడు గుర్తొచ్చింది, ఒకే తీగ మీద పదకొండు ఇళ్ళని.

ఆమె ఉందా లైనులో? ఉన్నా లేదని రాయకు. ఎదుటపడి చెప్పలేక నీ మీదికి తోసిన మాటని నేనే లోయంతా వినేలా కేకేసి చెప్పాను.

నీ హెర్దిస్

*

మ్యోదాలుర్,
మార్చి 27, 1977

అమ్మాయ్,

ఉంది.

మొదటి రెండు రోజులు నేను ఏరు దాటలేకపోయాను. దాని పొయ్యి పొగ వస్తోందా లేదా అని కిటికీలోంచి చూడడమే సరిపోయింది. మూడో రోజు పాల లారీవాడు యోరున్ అల్లగా మిగిలిన ఊలంతా తెచ్చి నా గుమ్మంలో దించాడు. మడత కూడా నలగలేదు. అప్పుడు బయల్దేరాను. మీ బాబాయ్ తోడొస్తానన్నాడు, వద్దన్నాను.

తలుపు ఎప్పటిలాగే తీసే ఉంది. నన్ను చూసి కాఫీ పెట్టింది. కూర్చోమని మాత్రం అనలేదు. రేడియో మీద చట్రం లేదు. "తప్పు చేశానే యోరున్" అన్నాను. అది కిటికీ వైపు తిరిగి మాట్లాడింది.

"నా చేతులు పనికిరావని చెప్పడానికి నీకు నోరు రాలేదు. సరే. ఆ పిల్లకీ రాలేదు. సరే. చలికాలమంతా అవతలి ఒడ్డున నీ దీపం చూస్తూ, పాపం సోల్వేగ్ కూడా నాతోపాటు అల్లుతోంది, నేనొక్కదాన్నే కాదు అనుకున్నాను. నువ్వేమో విప్పుతున్నావు."

నేను కాఫీ కప్పు చేతిలోకి తీసుకున్నాను.

"ఒక్కటైనా మిగిలిందా?" అని యోరున్ అడిగింది. తను అల్లింది అల్లినట్టు ఒక్కటైనా ఎక్కడైనా ఉందా అని. అబద్ధమాడదామని నోటిదాకా వచ్చింది. లేదని చెప్పాను. "కాఫీ చల్లారిపోతోంది, తాగు" అంది. నిలబడే తాగాను. అరవై ఏళ్ళ స్నేహం మాది. అంత చేదు కాఫీ ఆ ఇంట్లో ఎన్నడూ తాగలేదు.

వచ్చేస్తుంటే గుమ్మం దాకా వచ్చి ఒక మాట అంది, అన్నది అన్నట్టు రాస్తున్నాను. "ఆ పిల్లని రమ్మను. ఉత్తరాలొద్దు, ఫోన్లొద్దు. నా ముందు కూర్చుని ఒక స్వెట్టర్ అల్లమను. పనికొస్తుందో లేదో నేను చెబుతాను."

లోయలో ఎవరూ ఈ సంగతి ఎత్తడం లేదు. అందరూ విన్నారు కాబట్టి ఎవరూ విననట్టే ఉన్నారు. వెళ్తావో లేదో నీ ఇష్టం. వెళ్ళమని నేను అనలేను, నాకా మొహం లేదు.

పిన్ని

*

రేక్యావిక్,
ఏప్రిల్ 10, 1977

పిన్నీ,

వస్తాను. రెండో పెట్టె ఓడెక్కగానే బయల్దేరతాను. ఏడ్చి, కాళ్ళు పట్టుకుని, క్షమించమని అడిగితే సరిపోతుందేమోనని ఆలోచించాను. అది కూడా తప్పించుకునే దారే.

ఒకటి మాత్రం చెప్పాలి. చెక్కని తీసెయ్యడం లేదు. తీసేస్తే మంచిదాన్ని అనిపించుకుంటాను, కానీ కొట్టు మూసుకోవాలి, లోయలో అందరి పనీ పోతుంది. యోరున్ అత్త స్వెట్టర్ రేపు వచ్చినా హాంబర్గ్‌కి పంపలేను. అయితే ఇక మీదట పనికిరానిది ఏదైనా, అల్లిన మనిషి ఇంటికి నేనే వెళ్ళి చెబుతాను. నీ చేత ఇంకెప్పుడూ చెప్పించను. నిన్ను విప్పడానికి కూర్చోబెట్టింది నేనే. నువ్వు చేసిన మోసంలో నా వాటా నీకన్నా పెద్దది.

మహిళా సంఘం వాళ్ళు నా ప్రసంగం చిన్న పుస్తకంగా వేస్తామని అడిగారు. వద్దన్నాను. ఎందుకని అడిగితే అందులో ఉన్నది అబద్ధమని చెప్పాను. సంఘం పెద్దావిడ మొహం చూడాల్సింది! నన్ను ఇంకోసారి పిలవరు.

పత్రికవాళ్ళకీ రాశాను, తప్పు నాదని. వాళ్ళు వెయ్యలేదు. యోరున్ అత్త పేరు మళ్ళీ పత్రికలో ఎక్కకపోవడమే మంచిదని ఇప్పుడనిపిస్తోంది.

నీ హెర్దిస్

*

యోరున్ అత్త ఇల్లు,
మే 19, 1977

పిన్నీ,

ఏటి అవతలి నుంచి నీకు ఉత్తరం రాస్తున్నానంటే నవ్వుగానే ఉంది. కానీ మంచు కరిగి కాలివంతెన మీదుగా నీళ్ళు పారుతున్నాయి. బాబాయ్ ఆ ఒడ్డున నిలబడి టోపీ ఊపడం చూశాను. ఫోన్ గోడకే ఉంది, నేను దాని జోలికి పోవడం లేదు. రేపు పాల లారీ చుట్టు తిరిగి నీ గుమ్మంలోకి వస్తుంది.

వచ్చిన రోజు అత్త తిండి పెట్టింది, పక్క వేసింది. పొద్దున్నే ఊలు, సూదులు నా ఒళ్ళో పెట్టి ఎదురుగా కూర్చుంది. నేను క్షమాపణ మొదలుపెట్టబోతే, "అల్లు" అంది. నేను స్వెట్టర్లు అమ్ముతున్నానే కానీ అల్లి ఎన్నేళ్ళయిందో! మొదటి రోజంతా చేతులు తడబడ్డాయి. స్వెట్టర్ చెయ్యి ఒకటి పూర్తి చేసి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇక్కడ బిగించావు, ఇక్కడ వదిలేశావు" అని వేలు పెట్టి చూపించి, నా కళ్ళ ముందే విప్పేసింది. నిజంగానే అక్కడ తప్పుంది. మళ్ళీ అల్లాను. మళ్ళీ ఏదో దొరికింది, విప్పింది. నాకేమీ బాధనిపించలేదు. బాకీ తీరుతున్నట్టు హాయిగా కూడా ఉంది.

నీ గురించి అడిగింది. గొర్రెలు ఎన్ని ఈనాయని అడిగింది, అంతే. వంతెన తేలాక నువ్వు వస్తే ఏమంటుందో నాకు తెలియదు. ఊరికే ఆశపెట్టను.

ఈ మధ్యాహ్నం మూడోసారి అల్లిన చెయ్యి పూర్తయింది. ఇంత బాగా నేను జీవితంలో ఎప్పుడూ అల్లలేదు పిన్నీ. పడుచుతనంలో యోరున్ అత్త అల్లినవాటి పక్కన పెట్టొచ్చు. ఇచ్చాను. చాలాసేపు చూసింది. ఆ బిగుసుకున్న వేళ్ళతో వరస వరస తడిమింది. తర్వాత చివరి కుట్టు వదులు చేసి, దారం పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. అంతా ఊడి ఆమె ఒళ్ళో పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి.

"ఇందులో ఏం తప్పుంది అత్తా?" అని అడిగాను.

"ఏ తప్పూ లేదు. చాలా బాగా అల్లావు" అంది.

చివరిదాకా లాగి, తెగిన చోటల్లా అతికించి, ఉండ చుట్టి, నా ఒళ్ళో పెట్టింది. నేను మళ్ళీ మొదలుపెట్టాను.

నీ హెర్దిస్